థాయ్ విమానాల భద్రత: టికెట్ కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

థాయ్‌లాండ్ విమానాలు ఎక్కొచ్చా? ఒక్క మాటలో చెప్పండి.

ఎక్కొచ్చు. అయితే ఈ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. ఆ దేశ ప్రభుత్వం ఎయిర్‌లైన్లను సరిగా తనిఖీ చేస్తోందా అన్నది ఒకటి. మీరు టికెట్ కొన్న ఎయిర్‌లైన్ లోపల పని ఎలా నడుస్తోంది అన్నది రెండోది. ఆ రోజు ఆ రన్‌వే మీద, ఆ వానలో ఏం జరుగుతుంది అన్నది మూడోది. పత్రికల్లో వచ్చే 'రెడ్ ఫ్లాగ్', 'కేటగిరీ 2' లాంటి మాటలన్నీ మొదటి ప్రశ్నకే జవాబులు. చాలామంది వాటిని రెండో ప్రశ్నకు జవాబుగా చదువుకుంటారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

2015లో థాయ్‌లాండ్‌కు రెడ్ ఫ్లాగ్ పడింది కదా, అసలేం జరిగింది?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2015 జనవరిలో థాయ్‌లాండ్‌ను ఆడిట్ చేసింది. ఐకావో ఆడిటర్లు విమానాల ఇంజిన్లు విప్పి చూడరు. ఎయిర్‌లైన్లకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి, ఫైళ్లు తెరిపించి, 'ఈ ఎయిర్‌లైన్‌కు సర్టిఫికెట్ ఇచ్చేముందు మీరేం పరిశీలించారు? పరిశీలించినవారి అర్హత ఏమిటి? కాగితం చూపించండి' అని అడుగుతారు. అప్పటి పౌర విమానయాన శాఖ దానికి సంతృప్తికరమైన జవాబు ఇవ్వలేకపోయింది. ఎయిర్‌లైన్లు, విమానాలు, రూట్లు వేగంగా పెరిగిపోయాయి, తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ల సంఖ్య మాత్రం దానికి తగ్గట్టు పెరగలేదు. పైగా ఆ శాఖే ప్రాంతీయ విమానాశ్రయాలను నడుపుతూ, నియంత్రణ పని కూడా చూసేది. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుకున్నట్టన్నమాట.

ఆ ఏడాది మార్చిలోనే జపాన్, దక్షిణ కొరియా థాయ్ ఎయిర్‌లైన్ల కొత్త సర్వీసులకు, చార్టర్లకు (ప్రత్యేకంగా అద్దెకు నడిపే విమానాలకు) అడ్డు చెప్పాయి. ఏప్రిల్‌లో సాంగ్‌క్రాన్ (థాయ్ కొత్త సంవత్సరం) సెలవులకు టికెట్లు కొనుక్కున్నవాళ్లు చిక్కుల్లో పడ్డారు. జూన్ 18న ఐకావో తన వెబ్‌సైట్‌లో థాయ్‌లాండ్ పేరు పక్కన ఎర్ర జెండా పెట్టింది. సర్టిఫికెట్లు జారీ చేసే పద్ధతిలో 'తీవ్రమైన భద్రతా లోపం' ఉందన్నది దాని అర్థం. డిసెంబరు 1న అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ కూడా థాయ్‌లాండ్‌ను కేటగిరీ 1 (తనిఖీ వ్యవస్థ అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గట్టు ఉంది) నుంచి 2 (తగ్గట్టు లేదు)కు దించింది.

దాన్ని ఎలా సరిదిద్దారు?

2015 అక్టోబరులో పాత శాఖను రెండుగా చీల్చారు. విమానాశ్రయాలు నడిపే పని ఒక శాఖకు, నియంత్రణ పని కొత్తగా పెట్టిన సీఏఏటీకి అప్పగించారు. సీఏఏటీ మన డీజీసీఏ లాంటిది. బ్రిటన్ విమానయాన సంస్థకు చెందిన సలహా విభాగాన్ని తెచ్చుకుని, ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇప్పించారు.

అసలైన పని ఆ తర్వాతే మొదలైంది. అంతర్జాతీయ సర్వీసులు నడిపే ప్రతి ఎయిర్‌లైన్‌ ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ (విమానాలు నడపడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) కోసం మళ్లీ మొదటినుంచి పరీక్షకు నిలబడాలన్నారు. ఇది ఐదు దశల పని. ముందు సంప్రదింపులు, తర్వాత లాంఛనంగా దరఖాస్తు, ఆపైన మాన్యువళ్ల (ఎయిర్‌లైన్ పని పద్ధతులు రాసుకున్న పుస్తకాల) పరిశీలన, ఆ తర్వాత ప్రత్యక్ష పరీక్షలు, చివరికి సర్టిఫికెట్. ఎక్కువ ఎయిర్‌లైన్లు చిక్కుకునేది మూడో దశలో. ఇంకో కంపెనీ మాన్యువల్ తెచ్చి, పేరు మార్చి అతికించుకున్నవి అక్కడే దొరికిపోతాయి. రాసుకున్నది ఒకటి, చేసేది ఇంకొకటి అని నాలుగో దశలో బయటపడుతుంది. 2017 సెప్టెంబరు నాటికి ఈ పరీక్ష పూర్తిచేయని 12 ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సర్వీసులను సీఏఏటీ ఆపేసింది. అక్టోబరులో ఐకావో ఎర్ర జెండా తీసేసింది.

ఎఫ్‌ఏఏ మాత్రం 2025 ఏప్రిల్ దాకా కేటగిరీ 1 తిరిగి ఇవ్వలేదు. అంటే తొమ్మిదేళ్లకు పైగా పట్టింది. ఇంత ఆలస్యాన్ని ప్రమాద సంకేతంగా చదవనక్కర్లేదు. థాయ్ ఎయిర్‌వేస్ లాస్ ఏంజిలిస్ సర్వీసును 2015 అక్టోబరులోనే మానేసింది. అమెరికాకు ఎగిరే థాయ్ ఎయిర్‌లైన్ ఏదీ లేనప్పుడు తొందరపడాల్సిన అవసరమూ తక్కువే.

కేటగిరీ 2 అంటే ఆ దేశ విమానాలు ప్రమాదకరమనా?

కాదు. ఆ మార్కు దేశ నియంత్రణ సంస్థకు పడింది, ఎయిర్‌లైన్లకు కాదు. కేటగిరీ 2 దేశపు ఎయిర్‌లైన్లు అమెరికాకు కొత్త సర్వీసులు పెట్టకూడదు, అమెరికా ఎయిర్‌లైన్లు తమ కోడ్‌ను వాటి విమానాల మీద పెట్టకూడదు, అంటే వాటి సీట్లను తమ పేరుతో అమ్మకూడదు. ఉన్న సర్వీసులు అదనపు తనిఖీలతో నడుపుకోవచ్చు.

మనకూ ఇది అనుభవమే. 2014 జనవరి 31న ఎఫ్‌ఏఏ భారత్‌నూ కేటగిరీ 2కు దించింది, 2015 ఏప్రిల్‌లో తిరిగి 1 ఇచ్చింది. ఆ పద్నాలుగు నెలల్లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లిన మీ విమానం ముందురోజుకన్నా ప్రమాదకరంగా ఏమీ మారిపోలేదు. అయితే ఈ మార్కును బొత్తిగా కొట్టిపారేయకూడదు కూడా. తనిఖీ బలహీనంగా ఉన్న దేశంలో మంచి ఎయిర్‌లైన్ తన క్రమశిక్షణతో తాను బాగానే నడుస్తుంది, చెడ్డ ఎయిర్‌లైన్‌ను మాత్రం ఆపేవాళ్లు ఉండరు. కాబట్టి ఎర్ర జెండా కనిపించినప్పుడు ఎయిర్‌లైన్ల మధ్య తేడా మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

యూరోపియన్ యూనియన్ నిషేధిత జాబితా సంగతేమిటి?

యూరప్‌లో ఎగరకుండా ఆపిన ఎయిర్‌లైన్ల జాబితా ఇది. 2015 డిసెంబరులో అందరూ భయపడ్డారు గానీ థాయ్ ఎయిర్‌లైన్లేవీ అందులో చేరలేదు. అంతకుముందు, 2009 ఏప్రిల్‌లో మాత్రం వన్-టు-గో అనే థాయ్ ఎయిర్‌లైన్ చేరింది, 2007లో ఘోర ప్రమాదానికి గురైంది అదే. సామాన్య ప్రయాణికుడికి ఉచితంగా దొరికే జాబితాల్లో ఇదే పనికొచ్చేది. ఇది దేశాలతోపాటు విడివిడిగా ఎయిర్‌లైన్ల పేర్లు కూడా చెబుతుంది, ఏడాదిలో ఒకటికి రెండుసార్లు సవరిస్తారు. ముక్కూమొహం తెలియని ఎయిర్‌లైన్ ఎక్కేముందు దీన్ని ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని.

ఆ వన్-టు-గో ప్రమాదం ఎలా జరిగింది?

2007 సెప్టెంబరు 16న బ్యాంకాక్ డాన్ మువాంగ్ నుంచి ఫుకెట్ వచ్చిన ఎండీ-82 విమానం అది. విమానంలో 130 మంది ఉన్నారు, 90 మంది చనిపోయారు. రన్‌వే దగ్గర భారీ వాన, గాలి దిశ, వేగం హఠాత్తుగా మారుతున్నాయి. దిగడం కుదరదని తెలిసి మళ్లీ పైకి లేవాలనుకున్నారు. ఆ సమయంలో నొక్కాల్సిన గో-అరౌండ్ మీట నొక్కలేదు. ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ దిగే తీరులోనే ఉండి ఇంజిన్ శక్తిని తగ్గించేసింది. అదే క్షణాల్లో కో-పైలట్ నుంచి కెప్టెన్ చేతికి విమానం మారింది. చక్రాలు పైకి లాగారు, ముక్కు ఎత్తారు, కానీ ఇంజిన్లు చాలా క్షణాలు కనీస శక్తిలోనే ఉండిపోయాయి. తేరుకునేలోపు ఎత్తు అయిపోయింది.

దర్యాప్తు నివేదిక వాతావరణం దగ్గరే ఆగలేదు. పైలట్ల మధ్య సమన్వయ లోపాన్ని, పేరుకుపోయిన అలసటను కూడా ఎత్తిచూపింది. పర్యవేక్షణ అనే మాటకు అసలు అర్థం ఇక్కడ దొరుకుతుంది. పైలట్ ఆ వారంలో, ఆ నెలలో ఎన్ని గంటలు ఎగిరాడో రోస్టర్ (డ్యూటీల పట్టిక) తెరిచి లెక్కపెట్టడం, గో-అరౌండ్ శిక్షణ సిమ్యులేటర్‌లో నిజంగా జరిగిందా, సంతకం మాత్రమే పడిందా అని చూడటం ఇన్‌స్పెక్టర్ పని. వాన ఎవరూ ఆపలేరు, రోస్టర్‌ను ఆపగలరు.

ఇంకో సంగతి గమనించండి. ఈ ప్రమాదం ఎర్ర జెండాకు ఎనిమిదేళ్ల ముందు జరిగింది. జెండా ఉన్న రెండేళ్లలో థాయ్ షెడ్యూల్డ్ (నిర్ణీత వేళలకు నడిచే) ఎయిర్‌లైన్లలో ఇలాంటిదేదీ జరగలేదు. జెండాకూ ప్రమాదాలకూ మధ్య సంబంధం అంత తిన్నగా ఉండదు.

'ఈ ఎయిర్‌లైన్‌కు పదేళ్లుగా ఒక్క ప్రమాదం లేదు.' ఇది చాలదా?

చాలదు. లెక్క వేసి చూడండి. రోజుకు 100 విమానాలు నడిపే ఎయిర్‌లైన్ పదేళ్లలో 3,65,000 సార్లు ఎగురుతుంది. మంచి ఎయిర్‌లైన్‌కు 20 లక్షల ప్రయాణాలకు ఒక ఘోర ప్రమాదం చొప్పున అనుకుందాం, లెక్క కోసమే. ఆ పదేళ్లూ ప్రమాదం లేకుండా గడిచే అవకాశం 83 శాతం. ఇప్పుడు దానికన్నా ఐదు రెట్లు అధ్వానమైన ఎయిర్‌లైన్ తీసుకోండి. దానికి కూడా పదేళ్లు ఏమీ కాకుండా గడిచే అవకాశం 40 శాతం దాకా ఉంటుంది. అంటే శుభ్రమైన చరిత్ర చూసి మంచిదాన్నీ చెడ్డదాన్నీ విడదీయలేం. చిన్న ఎయిర్‌లైన్లకైతే ఈ చరిత్రతో దాదాపు ఏమీ తెలియదు. నక్షత్రాల రేటింగులిచ్చే వెబ్‌సైట్లను కూడా ఈ కళ్లతోనే చూడాలి. ఐదుకూ ఏడుకూ మధ్య తేడా మీద పెద్ద నమ్మకం పెట్టుకోవద్దు.

మరి ఎయిర్‌లైన్ గురించి ఏం చూడాలి?

ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా నడిపే ఐఓఎస్‌ఏ రిజిస్ట్రీలో పేరుందా చూడండి. ఇది ఎయిర్‌లైన్ లోపలి పద్ధతుల మీద బయటివాళ్లు చేసే ఆడిట్, రెండేళ్లకోసారి కొత్తగా చేయించుకోవాలి. పేరు లేనంతమాత్రాన చెడ్డదని కాదు, కొన్ని చిన్న ఎయిర్‌లైన్లు ఖర్చని వదిలేస్తాయి. ఇంతకుముందు ఉన్న పేరు ఇప్పుడు లేకపోతే మాత్రం ఎందుకో ఆరా తీయండి. యూరప్‌కు ఎగిరే ఎయిర్‌లైన్ అయితే యూరప్ భద్రతా సంస్థ విడిగా ఇచ్చే అనుమతి కూడా ఉండాలి. థాయ్ ఎయిర్‌వేస్‌కు అది ఉంది.

నేను ఎక్కే విమానం అసలు ఏ దేశం పర్యవేక్షణలో ఉంది?

ఇది చాలామంది అడగరు, అడగాల్సింది ఇదే. పేరు చూసి మోసపోవడం సులువు. ఎయిర్‌ఏషియా అంటే మలేషియా, వియట్‌జెట్ అంటే వియత్నాం, లయన్ అంటే ఇండోనేషియా అనుకుంటాం. కానీ థాయ్ ఎయిర్‌ఏషియా, థాయ్ వియట్‌జెట్, థాయ్ లయన్ ఎయిర్ విడి కంపెనీలు, విడి సర్టిఫికెట్లు, మూడూ సీఏఏటీ కిందే. విశాఖ నుంచి డాన్ మువాంగ్‌కు 2024 ఏప్రిల్‌లో మొదలైన సర్వీసు థాయ్ ఎయిర్‌ఏషియాది. విశాఖలో బయల్దేరినా దాని తనిఖీ బాధ్యత బ్యాంకాక్‌దే.

టికెట్ మీద విమానం నంబరు ముందున్న రెండక్షరాలు చూడండి. టీజీ థాయ్ ఎయిర్‌వేస్, పీజీ బ్యాంకాక్ ఎయిర్‌వేస్, ఎఫ్‌డి థాయ్ ఎయిర్‌ఏషియా, ఎస్‌ఎల్ థాయ్ లయన్, వీజెడ్ థాయ్ వియట్‌జెట్, డీడీ నోక్ ఎయిర్. తర్వాత 'నడిపేది ఫలానా ఎయిర్‌లైన్' అని చిన్న అక్షరాల్లో ఉన్న వరుస చదవండి. కోడ్‌షేర్ అయితే అసలు పేరు అక్కడే దొరుకుతుంది. విమానం తోక దగ్గరి రిజిస్ట్రేషన్ హెచ్‌ఎస్‌తో మొదలైతే థాయ్, వీటీ అయితే భారత్, 9ఎం మలేషియా, హెచ్‌ఎల్ కొరియా.

అద్దె విమానాలతో ఇంకో మెలిక ఉంది. 2025 మార్చిలో ఇండిగో ఢిల్లీ–బ్యాంకాక్ మార్గంలో నార్వే ఎయిర్‌లైన్ నార్స్ నుంచి పైలట్లతో సహా తీసుకున్న 787 నడిపింది. టికెట్ ఇండిగోది, తోక మీద నార్వే అక్షరాలు. ఇలాంటి అద్దెలో విమానం నడిపే బాధ్యత అద్దెకిచ్చిన కంపెనీ సర్టిఫికెట్ కిందే ఉంటుంది.

ఘటన ఎక్కడ జరిగింది అన్నది కూడా పర్యవేక్షణకు సంబంధించినది కాదు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో 179 మందిని బలిగొన్న, ఆ దేశానికే చెందిన జెజు ఎయిర్ విమానం బ్యాంకాక్‌లో బయల్దేరింది. 1991లో థాయ్‌లాండ్‌లోని సుఫన్ బురి దగ్గర గాల్లోనే థ్రస్ట్ రివర్సర్ (దిగాక వేగం తగ్గించే ఇంజిన్ భాగం) తెరుచుకుని 223 మంది చనిపోయిన లౌడా ఎయిర్ విమానం ఆస్ట్రియాది. రెండింటినీ 'థాయ్ ప్రమాదాలు' అని జాబితాల్లో వేసేవాళ్లున్నారు.

విమానంలో ఏదో పనిచేయడం లేదని తెలిసీ ఎగరేస్తారట, నిజమేనా?

నిజమే, నియమాల ప్రకారమే. ప్రతి విమానానికీ కనీస పరికరాల జాబితా ఒకటుంటుంది. ఏది పనిచేయకపోయినా, ఏ షరతులతో, ఎన్ని రోజులు ఎగరొచ్చో అందులో ఉంటుంది. బీ తరగతి లోపానికి 3 రోజులు, సీకి 10, డీకి 120 రోజులు గడువు. 'ఏ' (A) తరగతి లోపానికి గడువు జాబితాలోనే విడిగా రాస్తారు. లోపం కనిపెట్టిన రోజును లెక్కలో కలపరు. రెండు ఏసీ ప్యాకుల్లో ఒకటి చెడిపోతే తక్కువ ఎత్తులో ఎగురుతారు, తోకలోని చిన్న ఇంజిన్ పనిచేయకపోతే నేలమీద ఉక్కపోస్తుంది. ఇవి మామూలే. ఇన్‌స్పెక్టర్ చూసేది వేరే. అదే లోపానికి గడువు అయిపోగానే మళ్లీ మళ్లీ పొడిగింపు తీసుకుంటున్నారా? ఒక విమానం లోంచి భాగం తీసి ఇంకోదానికి వేస్తూ రోజులు నెట్టుకొస్తున్నారా? డబ్బు ఇబ్బందుల్లో పడ్డ ఎయిర్‌లైన్ మొదట బయటపడేది ఇక్కడే. ప్రయాణికుడికి దొరికే ఆనవాలు ఒకటే: వారాల తరబడి అవే సర్వీసులు సాంకేతిక కారణాలతో రద్దవుతుండటం.

చౌక టికెట్ అంటే చౌక భద్రతా?

నియమాలు ఒకటే, సర్టిఫికెట్ ఒకటే. ఆదా అంతా తిండి, లగేజీ, సీట్ల మధ్య దూరం, విమానం నేలమీద నిలిచే సమయం మీద చేస్తారు. ఆ చివరిదాన్నే కొంచెం కనిపెట్టాలి, అరగంటలో దిగి మళ్లీ లేవాలనే ఒత్తిడి అలసటగా మారొచ్చు.

సముయ్, ఫుకెట్ ఎప్పుడు వెళ్తే మంచిది?

రెండింటి వానాకాలాలు వేరు. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబీలకు మే నుంచి అక్టోబరు దాకా. థాయ్ సింధుశాఖలోని సముయ్‌కి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరా సెలవుల్లో రెండూ కలిపి ప్లాన్ చేసేవాళ్లకు ఎటుపోయినా వానే.

సముయ్ విమానాశ్రయం బ్యాంకాక్ ఎయిర్‌వేస్ సొంతం, రన్‌వే సుమారు 2,100 మీటర్లు, ఫుకెట్‌ది 3,000. 2009 ఆగస్టు 4న సముయ్‌లో ఏటీఆర్ విమానం రన్‌వే పక్కకు జారి, వాడకంలో లేని పాత కంట్రోల్ టవర్‌కు గుద్దుకుని కెప్టెన్ చనిపోయాడు. ముయాన్‌లో కూడా ప్రాణాలు తీసింది రన్‌వే చివరనున్న కాంక్రీటు కట్టే. విమానం రన్‌వే దాటడం అరుదేమీ కాదు, దాటాక ఎదురయ్యేదేమిటన్నదే ప్రాణాలు నిర్ణయిస్తుంది. అందుకే రన్‌వే పట్టీ తర్వాత కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు ఖాళీ నేల ఉంచాలని ఐకావో చెబుతుంది.

మీ చేతిలో ఉన్నవి కొన్నే. వానల్లో ఉదయం విమానం తీసుకోండి, ఉరుముల వానలు మధ్యాహ్నం దాటాక ఎక్కువ. బ్యాంకాక్ నుంచి ఇంటికి వచ్చే విమానానికి, సముయ్ విమానానికి మధ్య కనీసం ఆరేడు గంటలు పెట్టుకోండి. పైలట్ దిగకుండా తిరిగి లేచినా, వేరే ఊరికి మళ్లించినా విసుక్కోవద్దు. 2007లో సరిగా జరగనిది ఆ పనే.

కుదుపులకు భయం. ఏం చేయాలి?

కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకోండి, బెల్టు గుర్తు దీపం ఆరినా సరే. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్‌లోని ఐరావతి పరీవాహకం మీద కుదుపులో చిక్కి బ్యాంకాక్‌లో దిగింది. ప్రాథమిక నివేదిక ప్రకారం విమానం పడింది 178 అడుగులే, 4.6 సెకన్లలో. అయినా బెల్టు లేనివాళ్లు పైకి ఎగిరి కప్పుకు కొట్టుకున్నారు, ఒకరు మరణించారు. మన వైపు నుంచి బ్యాంకాక్ వెళ్లే విమానాలూ బంగాళాఖాతం దాటి ఇంచుమించు ఆ చుట్టుపక్కలే వెళ్తాయి. రెండేళ్లలోపు బిడ్డను ఒళ్లో పెట్టుకుంటే మీ బెల్టులోనే ఇద్దరినీ బిగించకండి, సిబ్బందిని అడిగి బిడ్డ బెల్టు తీసుకోండి.

చిన్న విమానాలు, చార్టర్లు?

షెడ్యూల్డ్ సర్వీసులతో ఒకే గాటన కట్టకండి. 2024 ఆగస్టు 22న బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయం నుంచి త్రాత్‌కు వెళ్తున్న సెస్నా కారవాన్ చాచెంగ్సావ్‌లో కూలి తొమ్మిది మంది చనిపోయారు. చార్టర్ బుక్ చేసేముందు ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ నంబరు అడగండి. ఏజెంటు పేరు కాదు, విమానం నడిపే కంపెనీది. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడితో ఆపేయండి.

మొత్తం ప్రయాణంలో అసలు ప్రమాదం ఎక్కడుంది?

రోడ్డు మీద. విమానం గురించి రెండు వారాలు వెతికి, ఫుకెట్‌లో దిగగానే హెల్మెట్ లేకుండా స్కూటర్ ఎక్కేవాళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదికలో థాయ్‌లాండ్‌లో లక్ష మందికి 32.7 రోడ్డు మరణాలు, చనిపోయేవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు బైకుల మీదివాళ్లు.

బైకు తీసుకుంటే ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అందులో మోటారు సైకిల్ గడి మీద ముద్ర ఉండాలి. కారు గడి మీద మాత్రమే ఉండటం మామూలుగా జరిగే పొరపాటు. ప్రమాదం జరిగాక ప్రయాణ బీమా కంపెనీ మొదట అడిగేది ఈ కాగితమే, అది లేకపోతే ఆసుపత్రి బిల్లు మీదే. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమనే దుకాణంలో బండి తీసుకోకండి.

పడవల్లో కూడా జాగ్రత్త. 2018 జులై 5న తుపాను హెచ్చరికలున్నా ఫుకెట్ నుంచి బయల్దేరిన ఫీనిక్స్ అనే పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. లైఫ్ జాకెట్ చేతికిస్తే చాలదు, తొడుక్కుని కట్టుకోండి.

పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చా?

చేతి సంచిలోనే, చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ వద్దు. 100 వాట్-అవర్ల లోపు సరే, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో రెండు, ఆపైన కుదరదు. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1,000తో భాగిస్తే 74 వాట్-అవర్లు. సామర్థ్యం అంకెలు చెరిగిపోయినదాన్ని సెక్యూరిటీ దగ్గర తీసేసుకోవచ్చు. 2025 జనవరిలో బుసాన్ విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం తగలబడ్డాక, మార్చి 15 నుంచి థాయ్ ఎయిర్‌వేస్ విమానంలో పవర్ బ్యాంక్ వాడటమూ, ఛార్జ్ చేయడమూ నిషేధించింది. పై అరలో పెట్టకుండా కళ్లెదుట ఉంచుకోండి, పొగ మొదట్లోనే కనిపిస్తుంది.

ఏదైనా జరిగితే పరిహారం ఎవరిస్తారు?

హైదరాబాద్ నుంచి వెళ్లి తిరిగొచ్చే టికెట్‌కు మాంట్రియల్ ఒప్పందం (అంతర్జాతీయ విమాన ప్రయాణ పరిహారాల ఒప్పందం) వర్తిస్తుంది. భారత్ 2009 నుంచి, థాయ్‌లాండ్ 2017 నుంచి అందులో ఉన్నాయి. 2024 డిసెంబరు 28 నుంచి మరణానికి, గాయానికి 1,51,880 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే విలువ ప్రమాణం) దాకా ఎయిర్‌లైన్ తన తప్పు లేదని తప్పించుకోలేదు. సామానుకు పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు 2,000 డాలర్లు. సామాను దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కేసుకు గడువు రెండేళ్లు.

బ్యాంకాక్–సముయ్ టికెట్‌ను విడిగా కొంటే అది థాయ్ దేశీయ ప్రయాణం, ఈ ఒప్పందం దానికి వర్తించదు. అదే ముక్క హైదరాబాద్ టికెట్‌లో కలిపి కొంటే వర్తిస్తుంది. ఆలస్యమై తర్వాతి విమానం తప్పినా, ఒకే టికెట్ అయితే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ధరలో తేడా వెయ్యి రెండు వేలు మాత్రమే అయితే కలిపే కొనండి.